లావుతల ఈగల పెట్టె: ఒక గుర్తింపు కీ తయారీ డైరీ

మొదటి రోజు

మిత్రులొకరు తమ సేకరణ నుంచి 27 పిన్నులు గుచ్చిన చెక్కపెట్టె ఒకటి నాకు అప్పగించారు. మూత లోపలి వైపు అంటించిన చీటీ మీద ‘కందిరీగల్లాంటి ఈగలు’ అన్న రెండు మాటలు తప్ప ఏ వివరమూ లేదు. వీటిలో కోనోపిడే అనే ఈగల కుటుంబానికి చెందినవి ఏవో వేరుచేసి, ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) స్థాయి వరకూ గుర్తించి, ఆ పని సాగుతుండగానే తెలుగులో చదివి వాడుకోదగిన ఒక గుర్తింపు కీని రాయాలన్నది నా ఉద్దేశం. కీ అంటే జంట ప్రశ్నల వరుస. ప్రతి జంటలోనూ కీటకానికి సరిపోయే వాక్యాన్ని ఎంచుకుంటూ పోతే చివరికి ఒక పేరు దగ్గర ఆగుతాం.

పేరు దగ్గరే మొదటి చిక్కు ఎదురైంది. వీటిని ఇంగ్లీషులో ‘థిక్-హెడెడ్ ఫ్లైస్’ అంటారు. ‘మొద్దుతల ఈగలు’ అందామంటే మన భాషలో ఆ మాట తల ఆకారాన్ని వదిలి తెలివితేటల మీదికి పోతుంది. వక్షం కన్నా వెడల్పుగా, ఉబ్బినట్టుండే తలను మాత్రమే చెప్పాలి కనుక ‘లావుతల ఈగలు’ అని రాసుకున్నాను.

ఈ కుటుంబాన్ని 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాత్రేయ్ ఏర్పరచాడు. దానికి మూలమైన కోనోప్స్ ప్రజాతి మాత్రం అంతకు ముందే, 1758లో, లినేయస్ పెట్టినది. గ్రీకులో ఆ మాటకు అర్థం దోమ. లినేయస్ ఆ ప్రజాతిలో వేటిని చేర్చాడో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పశువుల రక్తం తాగే కొట్టపు ఈగను కూడా ఆయన కోనోప్స్ కాల్సిట్రాన్స్ అనే పేరుతో ఇందులోనే పెట్టాడు. ఇప్పుడు దాని పేరు స్టోమోక్సిస్ కాల్సిట్రాన్స్, కుటుంబమూ వేరే. ముందుకు పొడుచుకు వచ్చిన గట్టి తొండం ఉన్న ఈగలన్నీ ఒక గూటికి చేరాయన్న మాట. ఒకే లక్షణం మీద భారమంతా వేస్తే అంతటివాడి వర్గీకరణ కూడా నిలవలేదన్న సంగతిని నా నోటుపుస్తకం మొదటి పుటలోనే రాసుకున్నాను. అయినా మూడో రోజుకే ఆ తప్పును నేనూ చేశాను.

నేటి లెక్క ప్రకారం ఈ కుటుంబంలో సుమారు 800 జాతులున్నాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఇవి కనిపిస్తాయి.

మూడో రోజు

కీ తొలి ప్రతిని రంగులతో, రూపురేఖలతో మొదలుపెట్టాను. ‘పొట్ట మీద పసుపు, నలుపు పట్టీలు, నడుము సన్నం, రెక్క ముందంచు నలుపు’ అన్నది మొదటి ప్రశ్న. ఇవే కదా పెట్టె తెరవగానే కంటికి తగిలేవి. రెక్క ముందంచున ఉండే నల్లని చార కూడా అలంకారం కాదు. చాలా కందిరీగలు విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ముందు రెక్కలను నిలువునా మడుచుకుంటాయి. అలా మడిచిన రెక్క ఎంత సన్నగా, ముదురుగా కనిపిస్తుందో, ఈగ చదునైన రెక్క మీది చార సరిగ్గా ఆ భ్రమనే కలిగిస్తుంది.

ఆ ప్రశ్నకు పెట్టెలోని 16 కీటకాలు ‘అవును’ అన్నాయి. వాటిని మైక్రోస్కోపు కిందికి తెచ్చాక తేలిందేమిటంటే, అందులో ఐదు అసలు లావుతల ఈగలే కావు. ఒకటైతే నిజమైన కందిరీగే. దాని వెనక రెక్కలు చిన్న కొక్కేల వరుసతో ముందు రెక్కలకు తగులుకొని ఉండటం వల్ల నాలుగు రెక్కలు రెండుగా కనిపించి, పెట్టె సర్దిన వారిని మోసగించాయి. ఈగలకు వెనక రెక్కల స్థానంలో గదల్లాంటి హాల్టీర్లు మాత్రమే ఉంటాయి కాబట్టి, సూది మొనతో రెక్క మొదలును కాస్త పక్కకు జరిపి చూస్తే సంగతి తేలిపోతుంది. మరొకటి సోల్జర్ ఫ్లై అనే వేరే కుటుంబపు ఈగ.

మిగిలిన మూడూ నన్ను ఒక పూటంతా తిప్పలు పెట్టాయి. అవి సిర్ఫిడే కుటుంబపు ఈగలు, సెరియానా తరహావి. వీటికీ నడుము సన్నం, పట్టీలు పసుపు, రెక్క అంచు నలుపు. అంతటితో ఆగక, తల ముందు చిన్న కాడ మీద నిలిచిన పొడవాటి స్పర్శశృంగాలు, వాటి కొసన ముల్లు కూడా ఉన్నాయి. కోనోప్స్ స్పర్శశృంగం కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. ఒకదానితో ఒకటి దగ్గరి బంధుత్వం లేని రెండు ఈగల కుటుంబాలు, ఒకే కందిరీగ వేషం కోసం, ఒకే ఆకారానికి చేరుకున్నాయి.

వీటిని విడదీసిన ఆధారాలు రెండు. మొదటిది నోరు. సిర్ఫిడ్ ఈగలది పొట్టిగా, మెత్తగా, అద్దుకొని పీల్చే నోరు. లావుతల ఈగది సన్నని, గట్టి, మడత కీళ్ల తొండం. రెండోది అంతకన్నా నమ్మదగిన గుర్తు. స్పర్శశృంగాలకు పైగా తలకిందులైన ‘యు’ ఆకారంలో ఉండే సన్నని అతుకు అది. ప్యూపా కోశం నుంచి బయటపడేటప్పుడు ఈగ తల ముందుభాగం నుంచి ఒక తిత్తిని ఉబ్బించి కోశపు మూతను తోస్తుంది. పని తీరాక తిత్తి లోపలికి ముడుచుకుపోతుంది, దాని మచ్చ మాత్రం జీవితాంతం మిగిలిపోతుంది. ఈ మచ్చ ఉన్న ఈగలన్నీ షైజోఫోరా అనే పెద్ద సమూహానికి చెందుతాయి, సిర్ఫిడ్లు ఆ సమూహం బయట ఉంటాయి. నా పెట్టెలోని కొన్ని కోనోప్స్ తలల్లో ఈ అతుకును వెతికి పట్టుకోవలసి వచ్చింది, కానీ ఉండటం మాత్రం ఉంది.

తొలి ప్రతిని ఈ సాయంత్రమే చింపేశాను. కందిరీగ అనుకొని వదిలేసేలా పక్షిని మోసగించడానికి ఏర్పడ్డ లక్షణాలను పట్టుకొని వర్గీకరణకు దిగితే, ఆ పక్షికి పట్టిన గతే నాకూ పట్టింది.

ఆరో రోజు

మిగిలిన 22 కీటకాలు ఎండి బిరుసెక్కి ఉన్నాయి. తొండం మడతలు విప్పి చూడాలంటే ముందు మెత్తబరచాలి. మూత గట్టిగా పడే డబ్బాలో తడి ఇసుక పరిచి, పైన అట్టముక్క వేసి, బూజు పట్టకుండా కొద్దిగా థైమాల్ పలుకులు చల్లి, కీటకాలను విడతకు నాలుగేసి చొప్పున ఉంచాను. చిన్నవాటికి ఒక రాత్రి చాలు. పెద్దవి రెండో రోజుకు గానీ లొంగలేదు. మూతకు పట్టిన నీటి బొట్టు ఒకటి రెక్క మీద పడి దాన్ని ముద్ద చేశాక, మూత కింద పీల్చుడు కాగితం అంటించాలన్న బుద్ధి కలిగింది.

ఒక కీటకానికి తలే లేదు. పెట్టె నా దగ్గరికి రాకముందే డెర్మెస్టిడ్ పురుగులు తినేశాయి. దాన్ని చివరి పిన్నుగా పక్కన పెట్టాను.

ఎనిమిదో రోజు

ఈ రోజంతా తలలతోనే గడిచింది, వర్గీకరణకు కావలసిన సరుకు అక్కడే ఎక్కువగా ఉంది.

స్పర్శశృంగాల్లో రెండు తరహాలు స్పష్టంగా విడిపోయాయి. ఒక తరహాలో అవి పొడవుగా, ముందుకు చాచి, మూడో ఖండపు కొసన ముల్లుతో ముగుస్తాయి. రెండో తరహాలో అవి పొట్టిగా, వేలాడినట్టుండి, మూడో ఖండపు వీపు మీద నుంచి వెంట్రుకలాంటి అరిస్టా పక్కకు లేస్తుంది. ఈ తేడాకు తోడుగా తలపై మరొక తేడా వస్తోంది. మొదటి తరహా ఈగల్లో నడినెత్తిన సాధారణంగా ఉండే మూడు సరళ నేత్రాలు కనిపించలేదు. ఆ స్థానంలో బుడగలా ఉబ్బిన మెరిసే భాగం ఒకటి ఉంది. రెండో తరహాలో మూడు సరళ నేత్రాలూ చక్కగా త్రికోణంలో ఉన్నాయి. రెండు స్వతంత్ర లక్షణాలు ఒకే చోట గీత గీస్తున్నాయంటే ఆ గీతను నమ్మవచ్చు. మొదటి తరహా కోనోపినే ఉపకుటుంబం. కీ మలి ప్రతి మొదటి ప్రశ్న ఇదే అయింది.

తరువాతది తొండం. మెత్తబడిన తొండాన్ని సన్నని సూదితో మెల్లగా ముందుకు లాగి, కీళ్లు లెక్కపెట్టాను. కోనోప్స్, ఫైసోసెఫలా, జోడియన్ ప్రజాతుల్లో మొదట్లో ఒక్కటే మోచేయి ఉంది, అక్కడి నుంచి తొండం కర్రలా తిన్నగా సాగుతుంది. మయోపా, సైకస్, థెకోఫోరా ప్రజాతుల్లో మధ్యలో రెండో మోచేయి కూడా ఉండి, కొస భాగం జేబుకత్తిలా వెనక్కి మడుచుకుంటుంది. ఎండిన కీటకంలో ఈ కొస భాగం తల కింద దాక్కుంటుంది కాబట్టి, మెత్తబరచకుండా చూసినవారు ఒకటే కీలు అని రాసుకునే ప్రమాదం ఉంది.

మయోపా ముఖం చూస్తే మరచిపోలేం. కంటి కింద చెంప కిందికి సాగి, తెల్లగా, గాలి నింపినట్టు ఉబ్బి ఉంటుంది. ముందు నుంచి చూస్తే తెల్లని ముసుగు వేసుకున్నట్టే ఉంటుంది. పొట్టేమో కిందికి ముడుచుకొని ఉంటుంది. దీన్ని చూసి కందిరీగ అనుకునేవారు ఎవరూ ఉండరు. సైకస్ ఇటుకరంగులో, పట్టీలు లేకుండా ఉంటుంది. జోడియన్ బూడిదరంగులో, ఏ విశేషమూ లేనట్టు ఉంటుంది. కుటుంబం మొత్తానికి కందిరీగ వేషం ఉన్నదన్న మాట సగమే నిజం. ఆ వేషం ప్రధానంగా కోనోపినే సొత్తు.

పన్నెండో రోజు

ఆడ ఈగల పొట్టల పని. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజూ, అన్నిటికన్నా పెద్ద తప్పు చేసిన రోజూ ఇదే.

22లో తొమ్మిది ఆడవి. వీటి పొట్ట అడుగున ఐదో ఖండపు పలక నుంచి ఒక గట్టి పలకలాంటి పొడుగు పొడుచుకు వస్తుంది. దీన్ని థీకా అంటారు. పొట్ట కొస కిందికి, ముందుకు వంగి ఈ థీకాకు ఎదురుగా వస్తుంది కాబట్టి రెండూ కలిసి పట్టకారులా పనిచేస్తాయి. ఆడ ఈగ పువ్వు దగ్గర కాపువేసి, మేతకు వచ్చిన తేనెటీగ మీదో కందిరీగ మీదో గాలిలోనే విరుచుకుపడి, ఈ పట్టకారుతో దాని పొట్ట పలకల మధ్య సందును తెరిచి, గుడ్డును లోపల పెట్టి వదిలేస్తుంది. ఇదంతా క్షణాల్లో ముగుస్తుంది. అంతర్గత నిర్మాణం చూడాలంటే పొట్టను విడదీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కండరాలను కరిగించాలి. మొదటి పొట్టను రాత్రి ద్రావణంలో వేసి, పొద్దున్నే తీద్దామనుకొని మధ్యాహ్నానికి గానీ తీయలేదు. అప్పటికి కండరాలతో పాటు రంగంతా పోయి అది గాజుముక్కలా తయారైంది, థీకా అంచు ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియలేదు. క్లోరజోల్ బ్లాక్ రంగు ఒక చుక్క వేశాక ఆకృతి మళ్లీ కొంత తేలింది. తరువాతి వాటిని గంటగంటకూ చూస్తూ, కండరాలు జారిపోగానే తీసి, నీటిలో కడిగి, ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లంతో క్షారాన్ని విరిచి, గ్లిజరిన్‌లో ఉంచి గీశాను. గీసిన తరువాత ఒక్కో పొట్టను గ్లిజరిన్ నింపిన బుల్లి గొట్టంలో వేసి, ఆయా కీటకం పిన్నుకే కింద గుచ్చాను. పొట్ట ఒకచోట, ఈగ ఒకచోట ఉంటే ఎవరికీ పనికిరాదు.

గీసిన బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే, పైకి ఒకేలా కనిపించిన రెండు కోనోప్స్ ఆడ ఈగల్లో ఒకదాని థీకా పొట్టిగా వెడల్పుగా, రెండోదానిది పొడవుగా కిందికి దిగి ఉంది. రంగులో వెంట్రుకవాసి తేడా లేని చోట థీకా ఇంత తేడా చూపింది. గుడ్డు పెట్టే తీరు, ఏ అతిథేయిని (గుడ్డును మోసే కీటకాన్ని) ఎంచుకోవాలన్న అవసరం ఈ పనిముట్టును తీర్చిదిద్దుతాయి. రంగును మాత్రం పక్షి కన్ను తీర్చిదిద్దుతుంది. అందుకే జాతుల వద్దకు వెళ్లేకొద్దీ థీకా మాటకే విలువ ఎక్కువ. చిక్కల్లా ఒక్కటే: 22లో 13 మగవి, వాటికి థీకా లేదు. కాబట్టి దీన్ని కీలో ప్రధాన ప్రశ్నగా పెట్టకుండా, ఆడ ఈగలకు ధ్రువీకరణ వాక్యంగా మాత్రమే చేర్చాను.

పెట్టెలో డాల్మానియా ప్రజాతి ఈగ ఒకే ఒక్కటి ఉంది, అదృష్టవశాత్తూ ఆడది. దాని పొట్ట కొస సాగి, పొట్ట కిందుగా ముందుకు వంగిన కొక్కెంలా ఉంది.

గుడ్డు పెట్టిన తరువాతి కథ కూడా శరీర నిర్మాణానికి సంబంధించినదే కాబట్టి రాసుకుంటున్నాను. ఒక అతిథేయిలో ఒక్క లార్వాయే పెరిగి పూర్తవుతుంది. అది మొదట రక్తద్రవం మీద, తరువాత కణజాలాల మీద బతుకుతూ పొట్టనంతా నింపేస్తుంది. బంబుల్ తేనెటీగల్లో గుడ్డు పడిన దాదాపు పది పన్నెండు రోజులకు అతిథేయి చనిపోతుంది. లార్వా ఆ ఖాళీ పొట్టలోనే ప్యూపాగా మారి, చల్లని ప్రాంతాల్లో చలికాలమంతా అక్కడే గడుపుతుంది. చనిపోయిన బంబుల్ తేనెటీగ పొట్టలో ప్యూపా కోశం కనిపిస్తే, దాని వెనక కొసన ఉండే రెండు పెద్ద శ్వాసరంధ్ర ఫలకాలు, వాటి మీద కిక్కిరిసిన సూక్ష్మరంధ్రాలు ఈ కుటుంబానికి మంచి గుర్తు. పరాన్నజీవి సోకిన కార్మిక తేనెటీగలు రాత్రిళ్లు గూటికి పోకుండా చలిలో బయటే గడిపి లార్వా ఎదుగుదలను ఆలస్యం చేస్తాయని ముల్లర్, ష్మిడ్-హెంపెల్ 1993లో చూపారు. చనిపోయే ముందు అవి మట్టిలోకి తవ్వుకుపోతాయని ముల్లరే 1994లో ప్రకటించారు. మొదటిది అతిథేయికి మేలు, రెండోది లోపలున్న ఈగకు మేలు. ఒకే శరీరాన్ని ఇద్దరు చెరోవైపు లాగుతున్నారన్న మాట.

పదిహేనో రోజు

పెట్టెలో స్టైలోగాస్టర్ ప్రజాతి ఈగ లేదు. అయినా కీలో దానికి చోటు ఇవ్వకపోతే కుటుంబ చిత్రం కుంటుపడుతుంది. సన్నని శరీరం, శరీర పొడవులో సగానికి దగ్గరగా సాగిన అండనిక్షేపకం (గుడ్డు పెట్టే అవయవం), ఈటె మొనలాంటి ముళ్ల గుడ్లు దీని గుర్తులు. సైనిక చీమల దండు కదిలేటప్పుడు ముందుకు పరుగులు తీసే బొద్దింకల మీద, కీచురాళ్ల మీద, ఇతర ఈగల మీద ఇది గాలిలో తేలుతూనే గుడ్డును గుచ్చుతుంది. పట్టకారు లేదు, ఈటె ఉంది. కొందరు దీన్ని ప్రత్యేక కుటుంబంగా లెక్కించడానికి ఇలాంటి తేడాలే కారణం.

పంతొమ్మిదో రోజు

ఉపకుటుంబాల అమరికను ఖాయం చేసుకున్నాను. పాత పద్ధతిలో, కోనోపినేకు చెందని చాలా ప్రజాతులను మయోపినే అనే ఒకే గంపలో వేసేవారు. గిబ్సన్, స్కెవింగ్టన్ అన్ని ప్రజాతుల బాహ్యలక్షణాలనూ పోల్చి 2013లో ప్రకటించిన వర్గీకరణలో సైకస్‌కు సైసినే, జోడియన్‌కు జోడియోనినే అనే ప్రత్యేక ఉపకుటుంబాలు ఉన్నాయి. డాల్మానియినే, స్టైలోగాస్ట్రినే కూడా వేర్వేరుగానే నిలిచాయి. నా చిన్న పెట్టె ఏ సిద్ధాంతాన్నీ నిరూపించలేదు కానీ, తొండం కీళ్ల లెక్కలో జోడియన్ తన పాత పొరుగువారిని వదిలి విడిగా నిలబడటం నా కళ్లతోనే చూశాను గనుక కొత్త అమరికనే అనుసరించాను.

ఇరవై మూడో రోజు

కీని పరీక్షించడానికి కీటకశాస్త్రంతో పరిచయం లేని మా చెల్లెలిని కూర్చోబెట్టాను. ఆరు కీటకాలు ఇచ్చాను. నాలుగింటిని సరిగ్గా పట్టుకుంది. రెండింట్లో, కోనోప్స్, ఫైసోసెఫలా విడిపోయే చోట, ఆగిపోయింది.

‘అన్నయ్యా, “వెనక కాలి ఫీమర్ (తొడ భాగం) మొదట్లో లావు” అని రాశావు. ఎంత లావైతే లావు?’ అని అడిగింది. ‘అన్ని కాళ్లూ మొదట్లో ఎంతో కొంత లావుగానే ఉన్నాయి కదా.’

తప్పు నాదే. పోలిక చెప్పకుండా విశేషణం ఒక్కటీ వదిలేశాను. ఫైసోసెఫలాలో ఫీమర్ మొదటి సగం ఉబ్బి, ఆ తరువాత హఠాత్తుగా సన్నబడి, మొత్తంగా కాస్త వంపు తిరిగి ఉంటుంది. కోనోప్స్‌లో అది మొదలు నుంచి కొస దాకా క్రమంగా సన్నబడుతుంది. రెండు కాళ్లను ఒకే పరిమాణంలో పక్కపక్కన గీసి, వాక్యాన్ని ‘ఉబ్బు సగం దగ్గర ఒక్కసారిగా ఆగిపోతుంది’ అని మార్చాను. బొమ్మ చూపగానే ఆ రెండింటినీ ఆమె భూతద్దం అవసరం లేకుండానే వేరుచేసింది. ‘చెంప ఉబ్బి ఉంటుంది’ అన్న మయోపా వాక్యానికి కూడా ‘చెంప ఎత్తును కంటి ఎత్తుతో పోల్చి చూడండి’ అన్న మాట చేర్చాను.

ఇరవై ఆరో రోజు

తల లేని కీటకం ఒక్కటే మిగిలింది. నా కీ స్పర్శశృంగాలతో మొదలవుతుంది కాబట్టి దీనికి మొదటి ప్రశ్నే అడగలేను. రెక్క చూశాను. రెక్క ఈనెల మధ్య ఉండే కొస గడి అంచుకు చేరకముందే మూసుకుపోయి చిన్న కాడతో ముగిసింది. ఇది ఈ కుటుంబంలో పలుచోట్ల ఉన్నదే కనుక అంతకు మించి ముందుకు పోలేదు. పొట్ట కొసను బట్టి మగది, కాబట్టి థీకా సాక్ష్యమూ లేదు. మూడో రోజున కోపంతో తోసేసిన దారపు నడుమును ఇప్పుడు మళ్లీ పిలవక తప్పలేదు. వేషం ఒక్కటే సాక్ష్యంగా పనికిరాదు గానీ, ఇంకో సాక్షి పక్కన ఉంటే దాని మాటా వినవచ్చు. ఆ సాక్షి వెనక కాలు. ఎడమది విరిగిపోయింది, కుడిది నిలిచి ఉంది. కాంతిని పక్క నుంచి వేసి చూస్తే ఫీమర్ ఉబ్బు సరిగ్గా సగం దగ్గర ఒక్కసారిగా ఆగిపోయింది. మిగిలిన నాలుగు ఫైసోసెఫలాల కాళ్లతో పోల్చాను, తేడా లేదు.

పెట్టె తుది లెక్క: కోనోప్స్ 6, ఫైసోసెఫలా 5, సైకస్ 4, మయోపా 3, జోడియన్ 2, థెకోఫోరా 1, డాల్మానియా 1. మూడు సిర్ఫిడ్లను, సోల్జర్ ఫ్లైని, కందిరీగను తీసేయకుండా చివరి వరుసలో, వాటి సొంత చీటీలతో గుచ్చాను. కీలో వాటికి ఒక ముందుమెట్టు కూడా చేర్చాను: రెక్కలు లెక్కపెట్టండి, నోరు చూడండి, స్పర్శశృంగాల పైన అతుకు వెతకండి. తల లేని ఈగ చీటీ మీద ‘ఫైసోసెఫలా, మగ, కుడి వెనక కాలిని బట్టి’ అని రాసి పెట్టె మూత వేశాను.